చూరులో గ్లాసు

పొయ్యిలో బూడిద తీసి, కొబ్బరి పీచుకు అద్దుకుని గిన్నెలు తోముతున్నాను. ముందు అన్నం గిన్నె, తర్వాత కూర దాక, తర్వాత నాన్న పళ్ళెం, మా ముగ్గురి గ్లాసులు. అన్నీ కడిగి గంపలో బోర్లించాక, చివర్న ఇంకో స్టీలు గ్లాసు తోమాను. దాన్ని గంపలో వెయ్యలేదు. పీచు అవతల పారేసి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, ఆ గ్లాసును ముందు పంచలోకి తీసుకెళ్ళి తాటాకు చూరులో దోపాను.

రెండు నెలలుగా రోజూ ఇదే వరస. మొదట్లో దోపేముందు అటూ ఇటూ చూసేదాన్ని. తర్వాత తర్వాత చూడటం మానేశాను. చేతులకు అలవాటైపోయింది.

ఆ గ్లాసు సిస్టర్ మెర్లిన్‌ది. ఆమె తెచ్చుకున్నది కాదు. ఆమెకని నేను వేరు చేసింది.

ఆ రోజు విభూతి బుధవారం, ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యే రోజు. అమ్మ చీకటితోనే లేచి జగ్గయ్యపేట గుడికి పోయి, నుదుట బూడిద పెట్టించుకుని వచ్చింది. కోతకు పోయే ట్రాక్టరు అప్పటికే వెళ్ళిపోయింది. మిరప కోతలు మొదలైన దగ్గర్నుంచి అమ్మ పగటిపూట ఇంట్లో ఉండటం అదే మొదటిసారి. ఏం చెయ్యాలో తోచక, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తోంది. నాన్న లోపల నులక మంచం మీద, కాలు కింద దిండు పెట్టుకుని పడుకుని ఉన్నాడు.

మా ఊరు జగ్గయ్యపేటకూ నందిగామకూ మధ్య, హైవే దిగి మైలు లోపలికి. మా నాన్న సొలొమోను కూలికి పోయేవాడు, అరెకరం కౌలుకు కూడా చేసేవాడు. ఆ ముందటి ఏడు అక్టోబరులో, పత్తి చేలో మోడు ఒకటి అరికాల్లో దిగింది. షుగరు వల్ల ఆయనకు నొప్పి తెలియలేదు. రక్తం చూసి అమ్మ చెబితే గానీ తెలియలేదు. గుడ్డ కట్టుకుని మళ్ళీ చేలోకి పోయాడు. నెల తిరిగేసరికి అరికాలు సగం పుండైంది. విజయవాడ పెద్దాసుపత్రిలో డాక్టరు చూసి, ఇది ఇలాగే పైకి పాకితే మోకాలి కింద తీసెయ్యాలన్నాడు.

తిరిగొచ్చే బస్సులో కంచికచర్ల దాటాక నాన్న అమ్మతో అన్నాడు: "కాలు తీస్తే నన్ను ఇంటికి తీసుకురామాక."

ఆ ఆదివారమే గుడి దగ్గర సిస్టర్ మెర్లిన్ మమ్మల్ని చూసింది. ఊరి చివరున్న మా పేటలో ఆమెలాంటి సిస్టర్లను జబ్బుమనుషుల సిస్టర్లు అంటారు. నందిగామ వైపు వాళ్ళకో చిన్న ఆసుపత్రి, జగ్గయ్యపేట చివర మంచం పట్టినవాళ్ళ కోసం ఒక ఇల్లు ఉన్నాయి. వాళ్ళు బడి నడపరు, పాటలు నేర్పరు. జబ్బుపడ్డవాళ్ళ ఇళ్ళకు పోవడమే వాళ్ళ పని. సిస్టర్ మెర్లిన్ కేరళ మనిషి. మా వైపు వచ్చి పన్నెండేళ్ళయిందట. తెలుగు పుస్తకం చదివినట్టు మాట్లాడేది.

"సొలొమోను గారూ," అంది గుడి మెట్ల దగ్గర కూర్చున్న నాన్నతో. "మూడు నెలలు నాకివ్వండి. రోజూ వచ్చి కట్టు కడతాను. పుండు పైకి పాకితే నేనే దగ్గరుండి ఆసుపత్రికి తీసుకువెళ్తాను. దాచను."

మా నాన్న పేరు వెనక గారు అనే మాట అదే నేను మొదటిసారి వినడం. నాన్న కూడా మొదటిసారే విన్నట్టున్నాడు. అటు వేరే ఎవరైనా ఉన్నారేమోనని వెనక్కి చూశాడు.

మర్నాటి నుంచి టీవీఎస్ బండి మీద రావడం మొదలుపెట్టింది. నేను నీళ్ళు మరగకాచి, ఉప్పు వేసి చల్లార్చి ఉంచాలి. ఆమె తొడుగులు వేసుకుని కట్టు విప్పేది. కుళ్ళిన తోలు చిన్న కత్తెరతో కొంచెం కొంచెం తీసేది. అన్నిటికంటే ముందు ఒక పని చేసేది. వంగి, ముక్కు దాదాపు తగిలేంత దగ్గరగా పెట్టి పుండును వాసన చూసేది. "కంటికంటే ముక్కుకు ముందు తెలుస్తుంది లూర్దూ," అనేది నాతో. నేను ఆయన కన్నకూతుర్ని. కాలు పట్టుకుని మొహం పక్కకు తిప్పుకునేదాన్ని.

మొదటిరోజు కట్టు కట్టడం అయ్యాక, చేతులు కడుక్కుని మంచినీళ్ళు అడిగింది. నేను తటపటాయించాను. టీ తెమ్మంటారా అన్నాను.

"టీ వద్దు. మా సిస్టర్ల సభలో ఒక నియమం ఉంది. రోగి ఇంట్లో భోజనం చెయ్యకూడదు, ఏమీ తీసుకోకూడదు. కానీ మంచినీళ్ళు తాగకుండా మాత్రం రాకూడదు."

"ఎందుకండీ?"

"పుండు ముట్టుకున్నారే అని ఇంటివాళ్ళు సిగ్గుపడతారు కదా. ఆ ఇంటి గ్లాసుతో నీళ్ళు తాగితే ఆ సిగ్గు పోతుందని మా పెద్ద సిస్టరు నేర్పింది."

ఆ రోజు మా గ్లాసుతోనే తాగింది. నాన్న తాగే గ్లాసుతోనే. నాన్న మంచం మీద నుంచి ఆమె గుటక వేసే చప్పుడు వింటూ పడుకున్నాడు. షుగరు కళ్ళను కూడా పట్టింది. ఎదురుగా మనిషి ఉంటే ఆకారం తెలిసేది గానీ, చేతిలో ఏముందో తెలిసేది కాదు.

ఆమె వెళ్ళాక నాన్న, "చూశావా లూర్దూ," అని పాత కథ ఎత్తుకున్నాడు. మాకు కంఠతా వచ్చిన కథ.

పెళ్ళికి ముందు నాన్న మా ఊళ్ళో కుటుంబరావు గారింట్లో పాలేరు. వాళ్ళ గొడ్లచావిడి చూరులో నాన్నకో గ్లాసు ఉండేది. దాహమైతే దాన్ని తీసుకుని పెరటి గుమ్మం దగ్గర నిలబడితే, అమ్మగారు పైనుంచి నీళ్ళు పోసేది. తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. పండగకు బట్టలు పెట్టేవాళ్ళు. జ్వరం వస్తే మాత్రలు తెప్పించి ఇచ్చేవాళ్ళు. ఒక ఎండాకాలం, గడ్డివాము వేసిన రోజు, నాన్న గ్లాసు తీయబోతే అందులో బల్లి గుడ్లు పెట్టి ఉంది.

"ఒక్క మాట అన్లా," అనేవాడు నాన్న ఎప్పుడు చెప్పినా ఇక్కడ ఆగి. "మాటంటే మాటొస్తది. గ్లాసు తెచ్చి వాళ్ళ గడప మీద బోర్లించా. వచ్చేశా. రెండుసార్లు కబురు పెట్టారు. పోలా."

అమ్మ అప్పుడు, "నెల గింజలు కూడా అడక్కుండా వచ్చాడు మహానుభావుడు," అని దెప్పేది. దెప్పుడులోనే కొంచెం గర్వం ఉండేది.

ఈ కథ వింటూ పెరిగినదాన్ని నేను.

డిసెంబరులో ఒకరోజు పంపు దగ్గర రత్తయ్య బాబాయి కనిపించాడు. మా పక్కింటాయన. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ధాబాలో పనిచేస్తాడు. ఊళ్ళో ఏ వార్తయినా ముందు ఆయన దగ్గరకొచ్చి తర్వాత మా దగ్గరకొస్తుంది.

"ఏం లూర్దూ, సిస్టరమ్మ రోజూ మీ ఇంటికొస్తందంటగా."

"వస్తంది బాబాయ్."

"పొద్దున్నే ఎవరికి నీళ్ళు పోసి వస్తందో అడిగావా?"

నేను బిందె ఎత్తుకోబోతూ ఆగాను.

"కృపారావుకి. ఆడికి ఎయిడ్స్. కట్టుకున్న పెళ్ళామే అన్నం గిన్నె కర్రతో నెట్టేది, ఆఖరికి తెచ్చి సిస్టర్ల దగ్గర పడేసి పోయింది. ఈమేమో ఒళ్ళు రుద్ది నీళ్ళు పోస్తంది. అదే చేత్తో మీ నాన్న కాలు. మళ్ళా మీ ఇంట్లో మంచినీళ్ళు. నీళ్ళు ఎవరి గ్లాసులో ఇస్తన్నావో మరి. పెద్ద చదువు చదివినదానివి, నీకు నేను చెప్పాలా."

కృపారావు మా పేటవాడే. సిమెంటు లారీ తోలేవాడు. నా చిన్నప్పుడు ఒకసారి నన్నూ ఇంకో ముగ్గురు పిల్లల్నీ లారీలో ఎక్కించుకుని కంచికచర్ల దాకా తిప్పి, జామకాయలు కొనిపెట్టి తెచ్చాడు. ఆ కృపారావు గుర్తుకు రావలసింది. రాలేదు. కర్రతో నెట్టిన గిన్నె ఒక్కటే కళ్ళ ముందు నిలబడింది.

మా పేటలో పదో తరగతి పాసైన ఆడపిల్లను నేనొక్కదాన్నే. హెల్త్ సెంటర్ గోడ మీద ఆ జబ్బు గురించి కాగితం అంటించినప్పుడు, ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, ఒకే గ్లాసుతో తాగితే రాదు అని గట్టిగా చదివి ఆడవాళ్ళందరికీ వినిపించింది నేనే. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

మర్నాడు సిస్టరు నీళ్ళడిగితే, అటక మీద పాత సామానులో ఉన్న గ్లాసు తీసి ఇచ్చాను. ఆమె తాగి వెళ్ళాక గంపలో వేయడానికి చేయి రాలేదు. ఎక్కడ పెట్టాలా అని ఇల్లంతా చూసి, చివరికి చూరులో దోపాను. ఎవరూ నేర్పలేదు. చేయి దానంతటదే అటు పోయింది.

కట్టు మాత్రం వద్దనలేదు. వద్దని అనుకోను కూడా లేదు. ఆమె చేతులు మాకు కావాలి. ఆమె పెదవి తగిలిన గ్లాసు మాత్రం వద్దు.

రెండు రోజులకు అమ్మ చూసింది. చూరు వంకా, నా వంకా చూసింది. అన్నం తిన్నాక చెయ్యి కడుక్కుంటూ, "మీ నాన్నకు తెలియనీయమాక," అంది. అంతే.

క్రిస్మస్ పోయింది. జనవరిలో ఒకరోజు సిస్టరు కట్టు ముడి వేస్తూ, "కృపారావు మీ పేటవాళ్ళను అడుగుతున్నాడు లూర్దూ. నిన్ను కూడా అడిగాడు, జామకాయల పిల్ల అన్నాడు. ఒకసారి వచ్చి పలకరించి వెళ్ళకూడదూ?" అంది. వస్తానండీ అన్నాను. వెళ్ళలేదు. నెలాఖరులో ఆయన చనిపోయాడు. మా పేట నుంచి ఒక్కరూ పోలేదు. ఆ రోజు కూడా సిస్టరు మా ఇంటికి వచ్చింది, కొంచెం ఆలస్యంగా. వాసన చూసింది, కడిగింది, కట్టింది, నీళ్ళు తాగింది. చూరులో గ్లాసుతోనే.

పుండు మాత్రం పూడుతూ వచ్చింది. ముందు దుర్వాసన పోయింది. తర్వాత లోపలి నుంచి ఎర్రని కండ పట్టింది. ఫిబ్రవరికి అంచుల నుంచి లేత తోలు మధ్యకు జరగసాగింది. నాన్న రోజూ కట్టు విప్పగానే, "ఎంతకొచ్చిందండీ?" అని అడిగేవాడు. మొదట అరచేయంత అనేది, తర్వాత రూపాయి బిళ్ళంత అనేది.

విభూతి బుధవారం నాడు టీవీఎస్ బండి చప్పుడు వినగానే అమ్మ చీపురు పక్కన పెట్టి ఎదురెళ్ళింది. సిస్టరు నుదుట కూడా బూడిద గుర్తు ఉంది. ఎండలో వచ్చిందేమో, చెమటకు కొంచెం చెదిరింది.

"రండమ్మా. ఈ పూట ఉపాసమేగా మీరు."

"అవునండీ ఆదెమ్మగారూ. మీరూనా?"

"మాకేం, ఏడాదిలో సగం రోజులు అదేగా," అని అమ్మ నవ్వింది. సిస్టరు కూడా నవ్వింది.

నేను మంచం పక్కన కూర్చుని నాన్న మడమ రెండు చేతులతో పట్టుకున్నాను. కట్టు విప్పింది. వంగి వాసన చూసింది. తర్వాత తల ఎత్తకుండా కాసేపు అలాగే ఉంది.

"ఎంతండీ?" అన్నాడు నాన్న.

"కందిగింజంత," అంది సిస్టరు. "సొలొమోను గారూ, ఈ కాలు మీదే. ఇంకెవరూ తీసుకోరు. ఒక్క వారం కింద పెట్టకుండా ఉండండి. పైతోలు ఇంకా లేతగా ఉంది, ఇప్పుడు నడిస్తే చిట్లుతుంది. వారం తర్వాత నేనే నడిపిస్తాను."

నాన్న దండం పెట్టబోయాడు. రెండు చేతులూ పైకి లేచి, ఎటు పెట్టాలో తెలియక మధ్యలో ఆగాయి. ఆయన చూపు ఆనే వైపు సిస్టరు లేదు, నేనున్నాను.

సిస్టరు కట్టు కట్టింది. తొడుగులు తీసి, చేతులు కడుక్కుంది. నేనింకా కాలు దిండు మీద సర్దుతున్నాను. "నువ్వు ఉండు, నేను తీసుకుంటాను," అని తనే మూలనున్న కుండ దగ్గరకు పోయింది. మూత తీసి, గంపలో పైనున్న గ్లాసు చేతిలోకి తీసుకుంది. నాన్న గ్లాసు.

అమ్మ గుమ్మంలో ఉంది. పగటిపూట ఇంట్లో ఉండని మనిషి, ఆ కాస్త మర్యాద చేయాలనుకుంది. ఆమె గొంతులో చెడు ఏమీ లేదు. చుట్టానికి పీట వేసినట్టే అంది:

"అది కాదండీ సిస్టరుగారూ. మీ గ్లాసు చూరులో ఉంది. ఉండండి, నే తెస్తా."

అన్నాక తెలిసింది ఆమెకు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సిస్టరు గ్లాసును మెల్లగా గంపలో పెట్టేసింది. "అవును, మర్చిపోయాను," అంది. పంచలోకి నడిచి చూరులోంచి గ్లాసు తీసుకుంది. వెతకలేదు. ఎక్కడుంటుందో తెలిసినట్టే చెయ్యి పెట్టింది. లోపలికి వచ్చి కుండలో నీళ్ళు ముంచుకుని తాగింది. మళ్ళీ తీసుకెళ్ళి అక్కడే పెట్టి వచ్చింది.

"లూర్దూ," అన్నాడు నాన్న.

"ఊఁ."

"చూరులో ఎవరి గ్లాసు?"

నేను ఆయన కాలి కింద దిండు మళ్ళీ సర్దాను.

"ఎన్నాళ్ళ నుంచి?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్న మొన్నటి నుంచి అనొచ్చు, అమ్మ పెట్టిందనొచ్చు. నాన్న నమ్మేవాడు.

"పండగ ముందు నుంచి నాన్నా. నేనే పెట్టా."

"ఎందుకు?"

"కృపారావు మామకు నీళ్ళు పోస్తందని."

బయట రత్తయ్య బాబాయి వాళ్ళ రేడియోలో ఎవరో సరుకుల ధరలు చదువుతున్నారు.

"సొలొమోను గారూ," అంది సిస్టరు. "అమ్మాయి భయపడింది. అందరూ భయపడతారు. మా ఇంట్లో కొత్తగా చేరిన సిస్టర్లు కూడా. నేను కూడా మొదటి నెల భయపడ్డాను." సంచి సర్దుకుంది. గుమ్మం దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, నాకొక్కదానికే వినపడేట్టు, "మొదటిరోజే చూశానమ్మా. ఆయనకు తెలియకుండా ఉంటే బాగుండేది," అంది. తర్వాత గట్టిగా, "రేపు కొంచెం పెందలాడే వస్తాను. నీళ్ళు కాచి ఉంచు," అంది.

ఆమె కసిరి ఉంటే నేను ఏడ్చేదాన్ని. కట్టు కట్టను పొమ్మంటే కాళ్ళ మీద పడేదాన్ని. రేపు వస్తాననేసరికి నాకు చెయ్యడానికి ఏమీ లేకుండా పోయింది. ఆమె రెండు నెలలు ఆ గ్లాసును చూస్తూనే తాగింది. మా సిగ్గు పోగొట్టడానికి తాగే నీళ్ళు అవి.

బండి చప్పుడు దూరమైంది.

నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. దిండు మీద నుంచి కాలు తీసి కింద పెట్టాడు. తర్వాత రెండోది.

"ఏందయ్యా అది," అంది అమ్మ. "వారం దాకా కాలు పెట్టొద్దందిగా."

ఆయన అమ్మ వైపు చూడలేదు. గోడకు ఆనించి ఉన్న కర్ర తీసుకున్నాడు. మూడు నెలల తర్వాత నిలబడ్డాడు. ముందుకు తూలాడు. నేను పట్టుకోబోయాను. నా చెయ్యి తగలకుండా భుజం పక్కకు తీసుకున్నాడు. విదిలించలేదు, ఊరికే పక్కకు తీసుకున్నాడు. ఆమె పెదవి తగిలిన గ్లాసును నేను ఎలా చూశానో, నా చేతిని ఆయన అలా చూశాడనిపించింది.

గోడ తడుముకుంటూ గడప దాటి పంచలోకి వెళ్ళాడు. చెయ్యెత్తి చూరు వెంట తడిమాడు. ఆకులు గరగరలాడి దుమ్ము రాలింది. ఆ మూల కాదు నాన్నా, ఇటు అని చెప్పబోయి నోరు మూసుకున్నాను. వేళ్ళకు గ్లాసు తగిలింది. అడుగున మిగిలిన నీళ్ళు ఆయన మోచేతి మీదుగా కారాయి. వెనక్కి తిరిగి, కర్ర మీద బరువు వేసి వంగి, ఆ గ్లాసును మా గడప మీద బోర్లించాడు.

ఆ కథలో ఆయన ఆగి చెప్పే మాట నాకు తెలుసు. అమ్మకూ తెలుసు. మాటంటే మాటొస్తది.

అన్నా బాగుండేదని అప్పుడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

గడపకు అటువైపు ఆయన, ఇటువైపు నేనూ అమ్మా. కాలు చిట్లుతుంది నాన్నా అనలేకపోయాను. ఆ కాలు గురించి మాట్లాడే హక్కు ఆమెది, నాది కాదనిపించింది. నాన్న వాకిట్లోకి దిగాడు. మడమ మీద బరువు వేస్తూ, కర్రతో దారి చూసుకుంటూ, బండి వెళ్ళిన దారినే హైవే వైపు నడిచాడు. తెల్లని కట్టు అడుగు అడుగుకూ మట్టి రంగుకు తిరుగుతోంది. వెనక్కి తిరగలేదు. ఒక్క మాటా అనలేదు.